ఇనుము పైపొర మీద



వానాకాలం పంటలకు పైపాటు ఎరువు వేసే రోజుల్లో సొసైటీ గోడౌన్ల ముందు చెప్పుల వరుసలు మీరు చూసే ఉంటారు. చీకటితోనే వచ్చిన రైతు తన చెప్పుల జతనో, పాసుబుక్కు జిరాక్సునో, ఓ ఇటుకముక్కనో వరుసలో పెట్టి పక్కనున్న టీకొట్టు నీడన కూర్చుంటాడు. ఇదంతా 45 కిలోల యూరియా బస్తా కోసం. అందులో నత్రజని 46 శాతం, అంటే ఇరవై కిలోల పైచిలుకు. ఆ ఇరవై కిలోల కోసం పొద్దుటి నుంచి పడిగాపులు పడుతున్న ఆ రైతు పొలం మీద, ఒక్క ఎకరం మేర, ఆకాశం దాకా ఉన్న గాలిని తూకం వేస్తే అందులో ముప్పై వేల టన్నులకు పైగా నత్రజని ఉంటుంది. పైసా ఖర్చు లేదు, ఆధార్ కార్డు అడిగేవాడు లేడు. కానీ వరిమొక్కకు అందులో ఒక్క రవ్వ కూడా అందదు.

ఎందుకు అందదంటే, గాలిలో నత్రజని పరమాణువులు జంటలుగా ఉంటాయి. ఒక్కో జంట మధ్య మూడు బంధాలు. ఆ జంటను విడదీయాలంటే మోలుకు 945 కిలోజౌళ్ళ శక్తి కావాలి. రసాయన బంధాల్లో ఇంత గట్టివి చాలా తక్కువ. పిడుగు పడ్డప్పుడు కొంత విడిపోతుంది. వేరుశనగ, జీలుగ, పిల్లిపెసర వేళ్ళ బుడిపెల్లో కాపురముండే సూక్ష్మజీవులు చల్లగా, చప్పుడు లేకుండా విడదీస్తాయి. ఇవి తప్ప మూడో దారి మనిషికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దొరికింది. ఆ దారి ఒక లోహం ఉపరితలం మీదుగా పోతుంది. ఈ రోజు మన ఊళ్ళకు వచ్చే యూరియా బస్తాలో ఉన్న దాదాపు ప్రతి నత్రజని పరమాణువూ ఎక్కడో ఒక కర్మాగారంలో, ఒక ఇనుప రేణువు పైపొర మీద క్షణకాలం కూర్చుని లేచి వచ్చినదే. ఆ పైపొర మీద అసలేం జరిగిందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు ఎంత కాలం పట్టిందన్నదే ఈ రోజు ప్రసంగం.

ముందుగా పైపొరకు అంత ప్రత్యేకత ఎందుకో చెప్పుకుందాం. ఇనుపముక్క లోపల ఉన్న పరమాణువుకు అన్ని వైపులా ఇరుగుపొరుగు ఉంటుంది. దాని బంధాలన్నీ తీరిపోయి ఉంటాయి. అంచున ఉన్నదానికి ఒక పక్క ఎవరూ లేరు. అటువైపు చాచిన బంధాలు ఖాళీగా ఉంటాయి. అటుగా వచ్చిన వాయువు అణువును పట్టుకోగలిగేది ఆ అంచు పరమాణువే. ఘనమూ వాయువూ, ఘనమూ ద్రవమూ, ద్రవమూ వాయువూ ఎక్కడ కలుస్తాయో ఆ హద్దు మీద జరిగే రసాయనమే ఉపరితల రసాయనం. తుప్పు పట్టడం, సబ్బు నురగ, బ్యాటరీ, కారు పొగగొట్టంలోని ఉత్ప్రేరకం, అన్నీ ఈ హద్దు మీది వ్యవహారాలే.

కాబట్టి ఇనుము ఎంత బరువుందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఎంత పైతలం బయటపడి ఉందన్నదే లెక్క. సెంటీమీటరు ఘనం ఒకటి తీసుకోండి. దాని ఆరు ముఖాల వైశాల్యం ఆరు చదరపు సెంటీమీటర్లు. దాన్ని పది నానోమీటర్ల ముక్కలుగా కోశామనుకోండి. బరువు పిసరంత కూడా పెరగదు, పైతలం మాత్రం 600 చదరపు మీటర్లవుతుంది. మన భాషలో సుమారు పదిహేను సెంట్ల స్థలం, ఒక పాచిక పరిమాణంలో.

ఇక కథలోకి వద్దాం. 1909 జులై 2. జర్మనీలో కార్ల్స్‌రూహె పట్టణం. అక్కడి సాంకేతిక విద్యాలయంలో ఫ్రిట్జ్ హాబర్, ఆయన సహాయకుడు రాబర్ట్ లె రొసిన్యోల్ ఒక యంత్రం తయారుచేశారు. నత్రజని, హైడ్రోజన్ వాయువులను వాతావరణ పీడనానికి నూట డెబ్బై రెట్లకు పైగా అదిమి, అయిదారు వందల డిగ్రీల వేడిలో ఆస్మియం అనే లోహం మీదుగా తిప్పుతారు. చూడడానికి బీఏఎస్ఎఫ్ కంపెనీ నుంచి కార్ల్ బోష్, ఆల్విన్ మిటాష్ వచ్చారు. గొట్టం చివర ద్రవ అమోనియా చుక్కలు చుక్కలుగా పడింది. గాలి నుంచి ఎరువు తీయవచ్చని రుజువైంది.

చిక్కల్లా ఆస్మియంతోనే. ప్రపంచంలో అది దొరికేది కొన్ని కిలోల లెక్కన. దానితో పెద్ద కర్మాగారం నడవదు. చవకగా, దండిగా దొరికే లోహం ఏదైనా ఇదే పని చేస్తుందా అని వెతికే భారం మిటాష్ మీద పడింది. ఈ వ్యవహారంలో హాబర్‌కు 1918 నోబెల్ వచ్చింది, బోష్‌కు 1931లో వచ్చింది. మిటాష్‌కు ఏమీ రాలేదు. నాకైతే ఈ కథలో పెద్దపీట ఆయనకే వేయాలనిపిస్తుంది.

ఆయన చేసిందేమిటంటే, చిన్న చిన్న పరీక్ష యంత్రాలను వరసగా పెట్టించి, లోపలి మందును, అంటే ఉత్ప్రేరకాన్ని, చిటికెలో మార్చగలిగేలా ఏర్పాటు చేశాడు. చేతికి దొరికిన ఖనిజాన్నల్లా, లోహాన్నల్లా, మిశ్రమాన్నల్లా అందులో వేసి చూశాడు. స్వచ్ఛమైన ఇనుము ఏమంత పని చేయలేదు. కానీ అదే ఏడాది నవంబరులో, స్వీడన్‌లోని గెల్లివారె గనుల నుంచి తెచ్చిన మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రాయి ముక్క ఒకటి వేసి చూస్తే అనుకోనంత అమోనియా వచ్చింది. శుద్ధమైన ఇనుము చేయలేని పని మురికి రాయి చేసింది. అంటే గుట్టు ఇనుములో కాదు, మురికిలో ఉందన్నమాట. మిటాష్ ఆ మురికిని ఒక్కొక్కటిగా విడదీసి, ఇనుముకు ఒక్కొక్కటే కలిపి చూసుకుంటూ పోయాడు. కొన్నేళ్ళలో సుమారు 2,500 రకాల మిశ్రమాలు, 6,500 దాకా ప్రయోగాలు. చివరికి తేలింది ఇది: ఇనుముకు కొంచెం అల్యూమినా, కొంచెం పొటాషియం, కొంచెం సున్నం. గంధకం తగిలితే మాత్రం మందు చచ్చిపోతుంది.

1913 సెప్టెంబరులో జర్మనీలోని ఒప్పావులో తొలి కర్మాగారం నడిచింది. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది. పొలాలకని పుట్టిన నత్రజని పేలుడు మందుల్లోకి మళ్ళింది. హాబర్ స్వయంగా విషవాయువు ప్రయోగానికి పూనుకున్నాడు. అది మరో ప్రసంగానికి సరిపడా విషయం, ఇక్కడ ఆగుదాం.

ఆ పద్ధతి ఇప్పుడు మన దగ్గరా నడుస్తోంది. రామగుండం సంగతే తీసుకోండి. అక్కడ బొగ్గుతో నడిచిన పాత ఎరువుల కర్మాగారం మూతపడ్డాక, అదే చోట గ్యాసుతో నడిచే కొత్తది కట్టి 2022 నవంబరులో జాతికి అంకితం చేశారు. రోజుకు 2,200 టన్నుల అమోనియా, 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం. ఇలాంటి కర్మాగారంలో అమోనియా తయారయ్యే నిలువెత్తు ఉక్కు పాత్రలో ఏముంటుందో దగ్గరికెళ్ళి చూద్దాం. కొన్ని మిల్లీమీటర్ల సైజు నల్లటి గుళికలు, టన్నుల కొద్దీ. మాగ్నటైట్‌ను అల్యూమినా, పొటాషియం, సున్నాలతో కలిపి కరిగించి, చల్లార్చి, పగలగొట్టి, జల్లించి తీసినవి. పాత్రలో పోశాక హైడ్రోజన్ పంపుతూ నిదానంగా వేడి చేస్తారు. మాగ్నటైట్‌లోని ఆక్సిజన్ నీటిఆవిరిగా వెళ్ళిపోతుంది. అది ఖాళీ చేసిన చోటల్లా బొరియలు మిగులుతాయి. గుళిక బయటి కొలత మారదు గానీ లోపలంతా బొరియలమయం. ఒక్క గ్రాములో పది పదిహేను చదరపు మీటర్ల పైతలం తేలుతుంది. అంత పైతలం తెరుచుకున్న ఇనుముకు గాలి తగిలితే రాజుకుంటుంది. అందుకే వాడేసిన గుళికలను బయటికి తీసేటప్పుడు గాలి తగలకుండా నత్రజని మధ్యనే తీస్తారు. ఉత్త ఇనుము మండడం ఏమిటని మీకు అనుమానం రావచ్చు. ఉపరితలం మహిమ అంటే అదే.

లోపలికి పోయే గ్యాసును కూడా ముందే కడుగుతారు. గంధకాన్ని జింక్ ఆక్సైడ్ పట్టేస్తుంది. మిగిలిన కార్బన్ మోనాక్సైడ్‌ను మీథేన్‌గా మారుస్తారు. ఎందుకంటే ఈ విషాలు ఇనుము పైపొర మీద నత్రజని కూర్చోవలసిన చోట్లను ఆక్రమించేస్తాయి. పట్టించుకుని చూసుకుంటే మాత్రం ఒకసారి పోసిన గుళికలు పదేళ్ళకు పైగా పనిచేస్తాయి.

ఇంత వ్యవహారం నడుస్తున్నా, ఆ పైపొర మీద ఏం జరుగుతోందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ప్రశ్న వినడానికి చాలా చిన్నది. నత్రజని జంట ముందు విడిపోయి, విడివిడి పరమాణువులుగా హైడ్రోజన్‌ను అందుకుంటుందా? లేక జంటగా ఉండగానే హైడ్రోజన్ వచ్చి అతుక్కుని, ఆ తర్వాత విడిపోతుందా? ఒప్పావు కర్మాగారం మొదలైన అరవై ఏళ్ళకు కూడా దీనికి అందరూ ఒప్పుకున్న జవాబు లేదు.

మధ్యలో ఎవరూ ప్రయత్నించలేదని కాదు. అమెరికా ప్రభుత్వం వాషింగ్టన్‌లో నత్రజని ప్రయోగశాల ఒకటి పెట్టింది. అందులో పాల్ ఎమ్మెట్, స్టీఫెన్ బ్రునావర్ ఇనుప గుళికలలో పైతలం ఎంతుందో కొలిచే పద్ధతి కోసం తంటాలు పడ్డారు. అతి చల్లటి నత్రజనిని ఆ పైతలం మీద ఒక పొరగా పరిచి, ఎన్ని అణువులు పట్టాయో లెక్కగట్టి, దాని నుంచి వైశాల్యం రాబట్టారు. ఎడ్వర్డ్ టెల్లర్‌తో కలిసి 1938లో ప్రకటించిన ఆ సూత్రాన్ని ఈ రోజు మందుల కంపెనీల నుంచి సిమెంటు కంపెనీల దాకా పొడి పదార్థాలను కొలిచే ప్రతివాళ్ళూ వాడుతున్నారు. హైదరాబాదులో మందుల పరిశ్రమలో పనిచేసే శ్రోతలెవరైనా ఉంటే, 'బీఈటీ సర్ఫేస్ ఏరియా' అని మీరు రోజూ రాసే రిపోర్టు పుట్టిల్లు ఈ ఎరువు గుళికే.

అమెరికాలోనే ఇర్వింగ్ లాంగ్మ్యూర్ అనే ఆయన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో బల్బుల లోపల నల్లబారడం ఎందుకో చూడబోయి, వాయువులు లోహం మీద ఒకే ఒక్క పరమాణువు మందంతో పొరగా కూర్చుంటాయని తేల్చాడు. పైతలం మీద కూర్చునే చోట్లు లెక్కకు ఇన్నే ఉంటాయి, ఒకరు కూర్చున్న చోట మరొకరు కూర్చోలేరు. ఇంత సులువైన మాట మీద ఆయన కట్టిన సమీకరణాన్ని మన డిగ్రీ విద్యార్థులు ఇప్పటికీ పరీక్షలో రాస్తారు. 1932లో ఆయనకు నోబెల్ వచ్చింది, బోష్‌కు వచ్చిన మరుసటి ఏడాదే.

మరి ఆటంకం ఎక్కడుంది? శుభ్రమైన ఉపరితలం అనేది మామూలు ప్రపంచంలో లేదు. ఇప్పుడే చీల్చిన లోహపు ముఖాన్ని గాలిలో పెడితే, సెకనులో వంద కోట్లవ వంతు కాలం మూడు నాలుగు సార్లు గడిచేసరికి దానిమీద వాయువు అణువుల పొర ఏర్పడుతుంది. మనం చూసేది ఇనుమును కాదు, ఇనుము మీద పట్టినదాన్ని. నిజంగా ఇనుమునే చూడాలంటే గాలిని దాదాపు పూర్తిగా తీసేయాలి. పీడనం వాతావరణంలో లక్ష కోట్లవ వంతుకు కూడా ఇంకా దిగువకు పోతే, ఉపరితలం గంటల తరబడి శుభ్రంగా నిలుస్తుంది. అలాంటి శూన్యపు పాత్రలు, పరమాణువులను గుర్తుపట్టే ఎలక్ట్రాన్ పరికరాలు 1960ల నాటికి గానీ ప్రయోగశాలలకు అందలేదు.

అప్పుడు రంగంలోకి దిగినవాడు గెర్హార్డ్ ఎర్ట్ల్. 1936లో స్టుట్‌గార్ట్‌లో పుట్టాడు. మ్యూనిక్‌లో ఉండగా, 1970లలో, ఈ పాత చిక్కుముడిని చేతిలోకి తీసుకున్నాడు. గుళికలతో కాకుండా, ఒకే స్ఫటికంగా పెంచిన శుద్ధమైన ఇనుమును ఒక నిర్ణీత కోణంలో కోసి, పాలిష్ పట్టి, శూన్యంలో పెట్టాడు. మొదట చూసింది నత్రజని దానిమీద ఎంత తేలిగ్గా అంటుకుంటుందన్నది. అంటుకోదు. చేమాకు మీది నీటిబొట్టులా జారిపోతుంది. పది లక్షల అణువులు వచ్చి గుద్దుకుంటే, విడిపోయి అతుక్కునేది ఒకటి. ఇనుము ముఖాన్ని బట్టి అది ఇంకా తక్కువ కూడా కావచ్చు. కర్మాగారంలో అంత పీడనం పెట్టడానికి ఒక కారణం ఇక్కడ తెలుస్తోంది. పీడనం పెరిగితే గుద్దుకునే సంఖ్య పెరుగుతుంది.

తర్వాత అసలు ప్రశ్న. నత్రజని, హైడ్రోజన్ల మిశ్రమాన్ని స్ఫటికం మీదికి పంపి, ఆపైన వాయువును లాగేసి, ఇనుము మీద మిగిలిన నత్రజని పరమాణువులను లెక్కపెట్టాడు. హైడ్రోజన్ పాలు పెంచుతున్నకొద్దీ ఆ పరమాణువుల సంఖ్య తగ్గుతూ పోయింది. అంటే హైడ్రోజన్ వాటినే తీసుకుని అమోనియాగా మారుస్తోంది. జంట ముందు విడిపోతుంది, తర్వాతే హైడ్రోజన్ కలుస్తుంది, ఒకటి, రెండు, మూడు. అన్నిటికన్నా నత్తనడక నడిచేది ఆ మొదటి మెట్టే. అది అంత నిదానం కాబట్టి తర్వాతి మెట్లు కంటికి ఆనవు. దానికి ఎర్ట్ల్ ఒక ఉపాయం చేశాడు. అమోనియాను వెనక్కి నడిపించాడు. తయారైన అమోనియాను ఇనుము మీద పోసి, అది ఏ వరుసలో విడిపోతుందో చూశాడు. ఎక్కిన మెట్లే దిగాలి కదా.

పొటాషియం గుట్టు కూడా అప్పుడే విడింది. అది తన ఎలక్ట్రాన్‌ను ఇనుముకు ఇచ్చేస్తుంది. దానితో ఇనుము నత్రజనిని మరింత గట్టిగా పట్టుకుంటుంది. కొన్ని ముఖాల మీద విడిపోయే వేగం వందల రెట్లు పెరుగుతుంది. అల్యూమినా పని వేరు. అది వేడికి ఇనుప రేణువులు ఒకదానికొకటి అంటుకుపోయి పైతలం పూడిపోకుండా మధ్యలో అడ్డుపడుతుంది. మిటాష్ 1910ల నాటికే చేత్తో కనిపెట్టినదానికి ఇవీ కారణాలు. ఇంకో సంగతి: ఇనుమును ఏ కోణంలో కోశామన్నదాన్ని బట్టి పని మారిపోతుంది. అమెరికాలో బర్కిలీలో గాబర్ సోమొర్జాయ్ బృందం 1982లో కొలిచి చూస్తే, పరమాణువులు ఎగుడుదిగుడుగా, విశాలంగా ఉన్న ముఖం దగ్గరగా కూరుకున్న నునుపు ముఖం కంటే నాలుగు వందల రెట్లకు పైగా వేగంగా అమోనియా ఇచ్చింది. ఒకే ఇనుము, ఒకే వాయువు, తేడా అంతా ముఖంలోనే.

2007 అక్టోబరు 10న ఎర్ట్ల్‌కు నోబెల్ ప్రకటించారు. ఆ రోజు ఆయన 71వ పుట్టినరోజు. అప్పటికి బెర్లిన్‌లో, హాబర్ పేరే పెట్టుకున్న పరిశోధన సంస్థలో, విశ్రాంత ఆచార్యుడు. బహుమతి ఒక్కరికే ఇచ్చారు. సోమొర్జాయ్‌కి కూడా భాగం రావలసిందని అన్నవాళ్ళు రసాయనవేత్తల్లో చాలామందే ఉన్నారు. ఆ మాటతో నేనూ ఏకీభవిస్తాను.

ఇక్కడ గడుసు శ్రోత ఒకరు అడగవచ్చు: ఇంతా చేసి, తెలుసుకోవడం వల్ల ఏం ఒరిగింది? న్యాయమైన ప్రశ్న. నేటికీ ఎక్కువ కర్మాగారాల్లో వాడుతున్నది మూలంలో మిటాష్ మిశ్రమమే. ఎర్ట్ల్ వచ్చాక ఆ వంట పెద్దగా మారలేదు. పైగా ఇంకో అభ్యంతరం కూడా ఉండేది. శూన్యంలో, నున్నటి స్ఫటికం మీద చూసినది నూట యాభై, రెండు వందల రెట్ల పీడనంలో, మురికి గుళికల మీద నిజమవుతుందని నమ్మకమేమిటి?

ఆ అభ్యంతరానికి 1985లో డెన్మార్క్ నుంచి జవాబు వచ్చింది. పెర్ స్టోల్ట్‌సే, యెన్స్ నోర్స్‌కోవ్ శూన్యంలో కొలిచిన అంకెలనే తీసుకుని, కాగితం మీద లెక్కగట్టి, కర్మాగారపు పీడనంలో ఎంత అమోనియా రావాలో చెప్పారు. నిజంగా గుళికల మీద వచ్చిన దిగుబడితో అది చక్కగా సరిపోయింది. గాలి లేని పాత్రలో నేర్చుకున్నది గాలి కిక్కిరిసిన పాత్రలో అక్కరకొచ్చింది. ఉత్ప్రేరకాన్ని వేలసార్లు వండి చూడకుండా ముందు కంప్యూటర్లో వండి చూసే నేటి పద్ధతికి దారి వేసిన లెక్కల్లో అదొకటి.

ఇప్పుడు ఈ పాత ప్రశ్న మళ్ళీ తలెత్తింది. ప్రపంచం వాడే మొత్తం శక్తిలో ఒకటి రెండు శాతం ఈ అమోనియాకే పోతోంది. హైడ్రోజన్‌ను సహజవాయువు నుంచి కాక, ఎండ, గాలి కరెంటుతో నీటి నుంచి తీసి అమోనియా చేయాలని అన్ని దేశాలూ చూస్తున్నాయి. మన కాకినాడలోనూ అలాంటి హరిత అమోనియా కర్మాగారం తలపెట్టారు. అయితే ఎండ రాత్రి ఉండదు, గాలి ఎప్పుడూ ఒకే తీరున వీయదు. ఆ హెచ్చుతగ్గులకు తట్టుకోవాలన్నా, కరెంటు కలిసిరావాలన్నా ఇంత వేడి, ఇంత పీడనం లేకుండా, కాస్త చల్లగా నడిచే ఉత్ప్రేరకం దొరికితే ఎంతో మేలు.

2024 జనవరిలో స్టాక్‌హోం విశ్వవిద్యాలయం వాళ్ళు, హాంబుర్గ్‌లోని ఎక్స్-రే కేంద్రంలో, ఇనుము పని చేస్తుండగానే దాని పైపొరను చూసిన ఫలితాలు ప్రకటించారు. శూన్యంలో కాదు, ఒక వాతావరణ పీడనం దాకా వెళ్ళి చూశారు. ఇనుము ఆద్యంతం లోహంగానే నిలిచింది. బాగా వేడిగా ఉన్నప్పుడు దాని మీద కొద్దిపాటి నత్రజనే ఉంది, ఎర్ట్ల్ చెప్పినట్టే మొదటి మెట్టే నిదానం. వేడి తగ్గించేసరికి దృశ్యం మారిపోయింది. మెట్లు మెట్లుగా ఉన్న ఇనుము ముఖం మీద, నత్రజనికి ఒకటో రెండో హైడ్రోజన్లు అతుక్కున్న సగం సగం ముక్కలు కిక్కిరిసి కనబడ్డాయి. అంటే చల్లని దారిలో అడ్డు వేరే చోట ఉంది. విడదీయడం అవుతోంది, హైడ్రోజన్‌ను పూర్తిగా అతికించి పైపొర నుంచి పంపించడమే ఆలస్యమవుతోంది. నూరేళ్ళుగా నత్రజని జంటను త్వరగా విడదీసే లోహం కోసమే వెతికారు. చల్లని అమోనియా కావాలనుకునేవాళ్ళు ఇక మీదట ఆ సగం ముక్కలను ఎలా కదిలించాలన్నది కూడా చూసుకోవాలి.